మీ దగ్గరున్న చిన్న డైనర్ గురించి రాయండి: శాండ్‌విచ్, బర్గర్, పై

నెల్లూరు_ఎడిసన్ (న్యూజెర్సీ), శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఈ థ్రెడ్ ఎందుకు మొదలుపెడుతున్నానో ముందు చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక డైనర్, అంటే కౌంటర్, స్టూళ్ళు ఉండే చిన్న అమెరికన్ హోటల్, ఉండేది. పదకొండేళ్ళు అక్కడ తిన్నాను. టర్కీ కోడి మాంసం పెట్టిన క్లబ్ శాండ్‌విచ్, బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) వద్దని చెప్పి. నేను స్టూల్ మీద కూర్చునేలోపే కౌంటర్ దగ్గరుండే ఆవిడ కాఫీ పోసేసేది. మా అబ్బాయి పుట్టిన రాత్రి హాస్పిటల్ నుంచి తిరిగొస్తూ రెండున్నరకి అక్కడే గుడ్లూ టోస్టూ తిన్నాను, ఆ రోజు ఆవిడ ఒక యాపిల్ పై (పిండి రొట్టెలో పండు పెట్టి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) ముక్క తెచ్చి ముందు పెట్టి, డబ్బులు తీసుకోలేదు. పోయిన నెల వెళ్తే తలుపు మీద కాగితం. మూసేశాం, ఇన్నాళ్ళూ వచ్చినందుకు థాంక్స్ అని.

ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో దాని రివ్యూలు చూశాను. మనవాళ్ళ పేర్లతో రెండు కనిపించాయి. "చప్పగా ఉంది, కారం లేదు" ఒక స్టార్. "పద్నాలుగు మందిమి వెళ్తే నలభై నిమిషాలు నిలబెట్టారు" ఒక స్టార్. ఇన్నేళ్ళు తిన్న నేను మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. అది నన్ను నిజంగా బాధపెడుతోంది.

అందుకే మనలో మనం ఒక జాబితా చేసుకుందాం. పెద్ద చెయిన్లు వద్దు, చిన్నవి. ఎప్పుడు వెళ్ళారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఏం తిన్నారు, పై అక్కడే చేస్తారా, మాంసం తినని వాళ్ళకి ఏముంది. ఇవి రాస్తే చాలు, స్టార్లు వద్దు.

మొదటిది నాది. సమిట్ డైనర్, సమిట్ ఊళ్ళో, రైల్వే స్టేషన్‌కి ఎదురుగానే. 1938 నాటిది. ఎలిజబెత్ అనే ఊళ్ళో ఉండిన ఓమహోనీ కంపెనీ కట్టిన డైనర్, లోపల చెక్క పలకలు, పొడుగాటి కౌంటర్, అచ్చం రైలు పెట్టెలో కూర్చున్నట్టే ఉంటుంది. అక్కడ అందరూ తినేది టేలర్ హ్యామ్, గుడ్డు, చీజ్ పెట్టిన గట్టి రోల్. అది పంది మాంసం, తినని వాళ్ళు గుడ్డూ చీజూ మాత్రం అడగండి. నేను మూడుసార్లు వెళ్ళాను, మూడూ శనివారం ఉదయాలే. కౌంటర్ దగ్గరే కూర్చోండి, వంట చేసే మనిషి చేతులు చూడొచ్చు.

స్టిల్‌వాటర్_సాయి (ఓక్లహోమా), శుక్రవారం రాత్రి 11:20

అన్నా, మంచి పని చేశారు. నేను మాస్టర్స్ రెండో సెమిస్టర్. ఇక్కడ కారు ఉన్న సీనియర్ దొరికితేనే ఎక్కడికైనా వెళ్ళేది. మొన్న లాంగ్ వీకెండ్‌కి ఎల్ రీనో వెళ్ళాం, ఓక్లహోమా సిటీకి పడమర పక్క, రూట్ 66 అనే పాత హైవే మీద ఉంటుంది. ఆ ఊరు ఉల్లిపాయ బర్గర్‌కి పేరు. రాబర్ట్స్ గ్రిల్, సిడ్స్ డైనర్, జానీస్ గ్రిల్, మూడూ దగ్గర దగ్గరే.

ఎలా చేస్తారంటే, మాంసం ముద్ద పెనం మీద వేసి, దాని మీద గుప్పెడు ఉల్లిపాయ, కాగితమంత సన్నగా తరిగినది, పోసి అట్లకాడతో గట్టిగా అదుముతారు. ఉల్లి మాంసంలోకి దిగిపోతుంది. తిప్పాక అడుగున ఉన్న ఉల్లి గోధుమరంగుకి మారి అంచులు కరకరలాడతాయి. డబ్బుల్లేని కాలంలో మాంసం తక్కువ, ఉల్లి ఎక్కువ వేసి కడుపు నింపడానికి పుట్టిందట ఇది. రాబర్ట్స్ 1926 నుంచి ఉంది.

నేను బీఫ్ తినను. మా రూమ్మేట్ తింటాడు, వాడు రెండు తిన్నాడు. నేను గ్రిల్డ్ చీజ్ అడిగి, అందులో అవే ఉల్లిపాయలు వేయమన్నాను, సరే అని వేసిచ్చారు. ఆ వాసనకి మా అమ్మ ఉల్లి పెసరట్టు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

శాకాహారి_డల్లాస్ (టెక్సస్), శుక్రవారం రాత్రి 11:51

సాయీ, ఏమీ అనుకోకు, అదే పెనం మీద కదా నీ గ్రిల్డ్ చీజ్ కూడా కాల్చింది? మాంసం కొవ్వులోనే కదా ఆ ఉల్లి వేగింది?

స్టిల్‌వాటర్_సాయి, శుక్రవారం రాత్రి 11:55

అవునక్కా. పక్కన కాల్చారు, అదే పెనం. నాకు ఆ మాట అప్పుడు తట్టలేదు.

శాకాహారి_డల్లాస్, శనివారం ఉదయం 12:14

నిన్ను తప్పుపట్టడం లేదు నాన్నా. ఈ దేశంలో పందొమ్మిదేళ్ళుగా నేను పడుతున్న టెన్షన్ ఇది. నేను గుడ్డు తింటాను, మాంసం ముట్టను. మా అత్తగారు వచ్చినప్పుడు గుడ్డు కూడా లేదు. ఒకసారి ఆస్టిన్ దారిలో ఒక చిన్న ఊళ్ళో ఆగాం, పేరు రాయను. బీన్స్ వేపుడు వెజిటేరియనేనా అని అడిగితే వడ్డించే అమ్మాయి ఎంతో ప్రేమగా "అవునమ్మా, కూరగాయే" అంది. నోట్లో పెట్టుకున్నాక బేకన్ ముక్క తగిలింది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, ఆమె దృష్టిలో బీన్స్ కూరగాయే. కానీ మా అత్తగారు ఆ రోజంతా మంచినీళ్ళు కూడా తాగలేదు.

కాబట్టి ఈ జాబితాలో పెనం గురించి, నూనె గురించి తప్పకుండా రాయండి. ఫ్రైస్ వేయించే నూనెలోనే చికెన్ వేయిస్తారా లేదా అన్నది కూడా.

ల్యాంకాస్టర్_లత (పెన్సిల్వేనియా), శనివారం ఉదయం 7:30

నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దండి. హైస్కూల్లో ఉన్నప్పుడు రెండు వేసవులు ఒక డైనర్‌లో వెయిట్రెస్‌గా పనిచేశాను. అందుకని లోపలి సంగతులు కొన్ని చెప్తాను.

"వెజిటేరియనా?" అని అడగొద్దు. ఆ మాటకి ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. విడివిడిగా అడగండి: ఇందులో బేకన్ ఉందా, హ్యామ్ ఉందా, సూప్‌లో చికెన్ రసం కానీ బీఫ్ రసం కానీ ఉందా, దీన్ని పందికొవ్వుతో చేస్తారా. టమాటా సూప్ చూడ్డానికి ఏమీ ఉండదు, చాలాచోట్ల చికెన్ రసంతోనే చేస్తారు. కూరగాయల సూప్ తరచుగా బీఫ్ రసం. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ దాదాపు ఎప్పుడూ బీఫ్ రసమే. న్యూజెర్సీలో డిస్కో ఫ్రైస్ అని ఇష్టంగా తింటారు కదా, ఫ్రైస్ మీద చీజ్‌తో పాటు పోసే ఆ గ్రేవీ కూడా మామూలుగా మాంసం గ్రేవీనే. బేక్డ్ బీన్స్‌లో తరచుగా పంది ముక్క ఉంటుంది.

పెనం సంగతి. రద్దీ లేనప్పుడు "విడిగా చిన్న ప్యాన్‌లో చేస్తారా, మా ఇంట్లో మాంసం తినరు" అని మర్యాదగా అడిగితే మా వంటాయన ఎప్పుడూ కాదనలేదు. గుడ్లకి వాడే చిన్న ప్యాన్లు పక్కనే ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య అడిగితే మాత్రం ఆయనకి నిజంగా వీలుకాదు, అప్పుడు పెనం మీద ఇరవై ఆర్డర్లు ఉంటాయి. పదిన్నరకో, రెండున్నరకో వెళ్ళండి.

ఇంకోటి, నెల్లూరు గారు రాసిన ఆ పద్నాలుగు మంది గురించి. కౌంటర్ మీద పన్నెండు స్టూళ్ళు, ఎనిమిది బూత్‌లు ఉన్న చోటికి ఫోన్ చేయకుండా పద్నాలుగు మంది వస్తే ఒక్క వంటాయన, ఇద్దరు వెయిట్రెస్‌లు ఏం చేస్తారు చెప్పండి. ఒకసారి నా టేబుల్‌కి అలా వచ్చారు, అందరూ విడివిడి బిల్లులు అడిగారు, వెళ్ళేటప్పుడు మొత్తానికి మూడు డాలర్లు పెట్టారు. నాకు పదిహేడేళ్ళు, వెనక్కి వెళ్ళి ఏడ్చాను. పెన్సిల్వేనియాలో టిప్ వచ్చే పనివాళ్ళకి గంటకి యజమాని ఇవ్వాల్సిన కనీస జీతం 2.83 డాలర్లు. కేంద్ర చట్టంలో అయితే 2.13, అది 1991 నుంచి మారలేదు. మిగతాదంతా టిప్పే. దీన్ని కూడా జాబితా పైన రాయండి దయచేసి.

కరీంనగర్_అన్న (మినియాపొలిస్), శనివారం ఉదయం 8:05

లత చెల్లె, నీ తెలుగుకి ఏం తక్కువ లేదు. మా మిన్నెసోటాలో టిప్ ఉన్నా లేకున్నా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే, అయినా మేం 20 శాతం పెడతాం.

నా వంతుకి: మ్యాట్స్ బార్, మినియాపొలిస్. డైనర్ కాదు, బారే, కానీ చిన్నది, పాతది, పెనం ఒక్కటే. జూసీ లూసీ అనే బర్గర్, చీజ్ పైన కాదు, రెండు మాంసం బిళ్ళల మధ్యలో పెట్టి అంచులు మూసేస్తారు. వీళ్ళు ఆ పేరులో ఒక అక్షరం తక్కువ రాస్తారు, అదే వీళ్ళ గుర్తు. అదే వీధిలో ఇంకా దక్షిణానికి పోతే ఫైవ్-ఎయిట్ క్లబ్ ఉంది, అది కూడా మొదలుపెట్టింది మేమే అంటుంది. రెండూ తిన్నా. నా ఓటు మ్యాట్స్‌కే, దాని మీద కరిగిన ఉల్లి బాగుంటుంది. పెట్టగానే కొరకొద్దు, లోపల చీజ్ కాగిన నూనె లెక్క ఉంటుంది, నా పైపెదవి కాలి వారం రోజులు ఇబ్బందిపడ్డ. ఐదు నిమిషాలు ఆగాలె. కార్డులు తీసుకోలేదు నేను పోయినప్పుడు, నోట్లు పట్టుకొని పోండి.

ఒక_తెలుగువాడు (చికాగో), శనివారం ఉదయం 9:12

తెలుగువాళ్ళ వేదికలో బీఫ్ గురించి ఇంత వివరంగా రాయడం అవసరమా? చికెన్ శాండ్‌విచ్‌లూ, పైలూ రాసుకుందాం.

తెనాలి_థామస్ (కనెక్టికట్), శనివారం ఉదయం 10:40

అవసరమే అండీ. తెనాలి దగ్గర మా ఇంట్లో ఆదివారం చర్చి నుంచి వచ్చాక వండేది బీఫ్ కూరే, మా అమ్మ చేసినంత బాగా ఇంకెవరూ చేయలేరు. నేనూ తెలుగువాణ్ణే. మీరు తినరు, గౌరవిస్తాను, మీ ముందు తినను కూడా. కానీ నేను తిన్నది రాయొద్దనడం బాగోలేదు. ఎవరు తిన్నది వాళ్ళు పేరుపెట్టి స్పష్టంగా రాస్తేనే తినని వాళ్ళకి కూడా మేలు, తెలియక తినే ప్రమాదం ఉండదు.

నేను రాయాలనుకున్నది న్యూ హేవెన్‌లోని లూయిస్ లంచ్ గురించి. అమెరికాలో మొదటి హాంబర్గర్ 1900లో మేమే అమ్మాం అంటారు వాళ్ళు. విస్కాన్సిన్‌లో, టెక్సస్‌లో, న్యూయార్క్‌లో కూడా మేమే అనేవాళ్ళున్నారు, ఆ తగవు ఇప్పట్లో తీరేది కాదు. నాకు నచ్చింది అది కాదు. అక్కడ బన్ను లేదు, మామూలు తెల్ల బ్రెడ్ కాల్చి మధ్యలో పెడతారు. చీజ్, టమాటా, ఉల్లిపాయ, అంతే. కెచప్ అడిగితే ఇవ్వరు, మస్టర్డ్ ఇవ్వరు. మాంసాన్ని ఇనుప జాలీలో బిగించి నిలువుగా ఉండే పాత గ్యాస్ పొయ్యిల్లో కాలుస్తారు, రెండు పక్కలా ఒకేసారి కాలి కొవ్వు కిందకి జారిపోతుంది. ఆ పొయ్యిలు 1898 నాటివి. మొదటిసారి తిన్నప్పుడు ఏముంది ఇందులో అనుకున్నాను. రెండోసారి ఏమీ కలపకుండా మాంసం రుచి ఒక్కటే నోట్లో పెట్టుకుని నెమ్మదిగా తిన్నాను, అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు వెళ్ళారో రాయమని నెల్లూరు గారు అనడం అందుకే నాకు నచ్చింది. అక్కడ పై కూడా ఉంటుంది. చిన్న ఇటుకల గది, బల్లల మీద జనం చెక్కిన పేర్లు. 1975లో ఆ భవనం కూల్చేస్తామంటే దాన్ని అలాగే ఎత్తి ఇప్పుడున్న క్రౌన్ స్ట్రీట్‌కి మార్చారు.

నెల్లూరు_ఎడిసన్, శనివారం ఉదయం 11:02

థామస్ గారు చెప్పినట్టే చేద్దాం. ఎవరు తిన్నది వాళ్ళు రాస్తారు, ఏ మాంసమో పేరుపెట్టి రాస్తారు. దీని మీద ఇక వాదన వద్దని అందరినీ కోరుతున్నాను.

సూటిగా_శంకర్ (న్యూజెర్సీ), శనివారం మధ్యాహ్నం 1:18

నాది వేరే మాట. చప్పగా ఉంటే చప్పగా ఉందనే రాస్తాం, అందులో తప్పేముంది? కష్టపడి సంపాదించిన డబ్బు. రెండు వారాల క్రితం మా దగ్గర ఒక డైనర్‌లో రాత్రి తొమ్మిదికి వేడి టర్కీ శాండ్‌విచ్ తిన్నాను, గ్రేవీ పోసింది. టిప్పుతో కలిపి 24 డాలర్లు. టర్కీ ఎండిపోయి పీచుపీచుగా ఉంది, గ్రేవీ అట్టకట్టింది. ముసలావిడ నడిపిస్తోంది, పాపం అని అబద్ధం రాయాలా? మనం జాలిపడి మంచిగా రాస్తే, అది చదివి వెళ్ళేవాడు మోసపోతాడు.

నెల్లూరు_ఎడిసన్, శనివారం మధ్యాహ్నం 1:40

శంకర్ గారూ, అబద్ధం రాయమనడం లేదు. మీరు ఇప్పుడు రాసింది చూడండి: రాత్రి తొమ్మిది, వేడి టర్కీ, ఎండిపోయింది, గ్రేవీ అట్టకట్టింది. ఇది చదివితే నాకు ఉపయోగం ఉంది, ఆ ఓనరుకి కూడా ఉంది. "కారం లేదు" అన్నదానికీ దీనికీ చాలా తేడా. ఇక్కడ ఎవరూ కారం వేస్తామని చెప్పలేదు, మిరియాలు, ఉప్పు, హాట్ సాస్ బల్ల మీదే ఉంటాయి. మన మెస్‌కి వచ్చి పప్పులో చీజ్ లేదని ఎవరైనా రాస్తే మనకెలా ఉంటుంది?

ల్యాంకాస్టర్_లత, శనివారం మధ్యాహ్నం 2:25

శంకర్ గారు, టర్కీని ఉదయాన్నే రోస్ట్ చేస్తారు, మంచి చోట అయితే ఎముకతో ఉన్నదాన్ని. పదకొండుకి కోస్తే రసం కారుతుంది. రాత్రి తొమ్మిదికి అదే టర్కీ పది గంటలుగా వేడిపెట్టెలో ఉంటుంది. డైనర్ మెనూ పన్నెండు పేజీలుంటుంది, అందులో ప్రతిదీ అన్ని వేళలా బాగుండదు. మా చోట పనిచేసేవాళ్ళం మేం ఏం తినేవాళ్ళమో చెప్తాను. ఉదయం గుడ్లు. మధ్యాహ్నం ఆ రోజు స్పెషల్, అంటే బోర్డు మీద చాక్‌తో రాసింది. రాత్రి అయితే అప్పటికప్పుడు పెనం మీద చేసేవి, గ్రిల్డ్ చీజ్, ప్యాటీ మెల్ట్, బర్గర్. ప్యాటీ మెల్ట్ అంటే రై బ్రెడ్ మధ్య బీఫ్ బిళ్ళ, స్విస్ చీజ్, బాగా వేగిన ఉల్లి. రాత్రి పూట టర్కీ మేమెవరం తినేవాళ్ళం కాదు.

పై గురించి: లోపలికి రాగానే గాజు పెట్టెలో వరసగా కనిపిస్తాయి కదా, చూసి మోసపోవద్దు. "ఇక్కడే చేస్తారా, ఈ రోజు చేసినవి ఏవి?" అని రెండు ప్రశ్నలు అడగండి. బయట బేకరీ నుంచి వచ్చేవైతే మంచి సర్వర్ నిజమే చెప్తుంది. లెమన్ మెరింగ్ పై అయితే పైనున్న తెల్ల నురగకీ పసుపు గుజ్జుకీ మధ్య నీళ్ళు చేరాయేమో చూడండి, చేరితే నిన్నటిది. పండ్ల పై రెండో రోజు కూడా బాగానే ఉంటుంది, కొంచెం వేడి చేయమనండి, మైక్రోవేవ్‌లో కాదు, ఓవెన్‌లో. మైక్రోవేవ్‌లో పెడితే పిండి మెత్తబడిపోతుంది.

శాకాహారి_డల్లాస్, శనివారం సాయంత్రం 4:10

లతమ్మా, పై పిండిలో పందికొవ్వు సంగతి కూడా చెప్పు. మా టెక్సస్‌లో పెకన్ పై ఇంటి వంటకం లాంటిది, పెకన్ 1919 నుంచి మా రాష్ట్ర వృక్షం. బెల్లం పాకంలో జీడిపప్పు వేసినట్టుంటుంది, నాకు ప్రాణం. కానీ పాతకాలపు పద్ధతిలో చేసే చోట పిండిలో లార్డ్ కలుపుతారని తెలిసినప్పటి నుంచి అడగకుండా తినడం లేదు.

ల్యాంకాస్టర్_లత, శనివారం సాయంత్రం 4:48

నిజమే ఆంటీ. పై పిండికి కొవ్వు మూడు రకాలు: వెన్న, డబ్బాలో వచ్చే వెజిటబుల్ షార్టెనింగ్, లార్డ్. మా ల్యాంకాస్టర్ చుట్టుపక్కల పెన్సిల్వేనియా డచ్ వాళ్ళు (పాతకాలంలో వచ్చి స్థిరపడిన జర్మన్ మూలాలవాళ్ళు) లార్డ్‌తోనే చేసేవాళ్ళు, ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. ఇక్కడ షూఫ్లై పై అని ఉంటుంది, నల్లటి మొలాసిస్, పైన పిండీ చక్కెరా కలిపిన పొడి. మా అమ్మమ్మ మొదటిసారి తిని "ఇది మన బెల్లమే కదే" అంది. ఆవిడ కోసం మా అమ్మ వెన్నతో ఇంట్లోనే చేసేది.

గుడ్డు తినని వాళ్ళకి: పెకన్, గుమ్మడి, కొబ్బరి క్రీమ్, లెమన్ మెరింగ్, కీ లైమ్, ఇవన్నీ గుడ్డుతోనే గట్టిపడతాయి. యాపిల్, చెర్రీ, బ్లూబెర్రీ, పీచ్ లోపల మామూలుగా గుడ్డు ఉండదు, కానీ పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారు, అది అడగాలి.

రాజమండ్రి_మాస్టారు (న్యూజెర్సీ, అబ్బాయి దగ్గర), శనివారం రాత్రి 8:30

నేను రిటైరైన టీచర్ని. ఆరు నెలలకని వచ్చాను. ఈ పై అనేదాని అంచు అంత పొరలు పొరలుగా ఎలా వస్తుంది? మా తాపేశ్వరం మడత కాజా అయితే పిండిని పల్చగా సాగదీసి మడతలు పెడతారు, కనుక పొరలొస్తాయి. దీనికి మడతలు కనబడవు. తెలిసినవారు చెప్పగలరు.

ల్యాంకాస్టర్_లత, శనివారం రాత్రి 8:52

మాస్టారూ నమస్తే. కొవ్వు చల్లగా, గట్టిగా ఉన్నప్పుడే పిండిలో వేసి వేళ్ళతో నలుపుతారు, పూర్తిగా కలిసిపోకుండా శనగబద్దంత ముక్కలు మిగిలేట్టు. చన్నీళ్ళు కొంచెమే చల్లి ముద్ద చేసి అప్పడంలా వత్తుతారు. ఆ వెన్న ముక్కలు పల్చటి రేకుల్లా సాగుతాయి. ఓవెన్ వేడికి వెన్న కరిగి, అందులోని తేమ ఆవిరై, పిండిని పైకి లేపుతుంది. అక్కడ పొర. చేతి వేడికి వెన్న ముందే కరిగిపోతే పొరలు రావు, బిస్కెట్‌లా గట్టిగా వస్తుంది. అందుకే మా డైనర్‌లో పై చేసే ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి, పెనం వెలిగించకముందే వచ్చేది.

రాజమండ్రి_మాస్టారు, శనివారం రాత్రి 9:05

చాలా చక్కగా బోధపడింది తల్లీ. మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు.

సికింద్రాబాద్_చాయ్ (జెర్సీ సిటీ), ఆదివారం ఉదయం 9:30

పాత సంగతి ఒకటి. ఈ డైనర్లు రైలు పెట్టెల్లా ఎందుకుంటాయని నేను చాలా రోజులు ఆలోచించాను. పాడైన పెట్టెలు కొని పెట్టుకున్నారేమో అనుకునేవాణ్ణి. కొన్ని అలా ఉన్నా ఎక్కువ శాతం కాదు. 1872లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రబ్బండిలో శాండ్‌విచ్‌లు, గుడ్లు, పై, కాఫీ పెట్టుకుని రాత్రిపూట పత్రికాఫీసు దగ్గర అమ్మేవాడు. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి అప్పుడు ఇంకేమీ తెరిచి ఉండేవి కావు. తర్వాత ఆ బళ్ళు పెద్దవయ్యాయి, లోపల కూర్చునే చోటు వచ్చింది, ఆ తర్వాత ఫ్యాక్టరీలో మొత్తం కట్టేసి తీసుకొచ్చి స్థలంలో దించేవాళ్ళు. దారిలో పట్టాలి కాబట్టి సన్నగా, పొడుగ్గా కట్టారు. ఆ కంపెనీలు చాలావరకు న్యూజెర్సీవే, ఓమహోనీ, కుల్మన్, ఫొడేరో, ప్యాటర్సన్‌లో సిల్క్ సిటీ. ఇక్కడ ఇన్ని డైనర్లు ఉండటానికి అదొక కారణం.

నడిపేవాళ్ళలో గ్రీకు కుటుంబాలు ఎక్కువ. మా సికింద్రాబాద్‌లో ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు హోటళ్ళు పెట్టి మనకి చాయ్ అలవాటు చేసినట్టే. ఇరానీ హోటల్లో గంట కూర్చున్నా లేవమనేవారు కాదు, డైనర్‌లో కూడా కాఫీ అయిపోతే మళ్ళీ పోస్తారు, డబ్బులు ఒక కప్పుకే. గ్రీకు వాళ్ళ చోట మాంసం తినని వాళ్ళకి మంచిది ఒకటుంది, స్పానకోపిటా, అంటే పాలకూర, ఫెటా చీజ్ పెట్టిన పై, పొరలు పొరలుగా ఉంటుంది, ఓవెన్‌లోదే కాబట్టి పెనం గొడవ లేదు. శాకాహారి గారూ, మీ అత్తగారికి చెప్పకండి, చాలామంది లోపల గుడ్డు కలుపుతారు. మీకైతే బాగుంటుంది.

మా జెర్సీ సిటీలో వైట్ మానా ఉంది, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది తర్వాత ఇక్కడికి తెచ్చారు. హ్యాకెన్‌సాక్‌లో వైట్ మన్నా, 1946 నుంచి. రెండూ అరచేతిలో సగం ఉండే చిన్న బర్గర్లే చేస్తాయి, బీఫ్, ఉల్లిపాయతో. హ్యాకెన్‌సాక్‌ది నాకు ఎక్కువ ఇష్టం. కౌంటర్ మధ్యలో చిన్న పెనం, దాని చుట్టూ మనం, మెత్తటి పొటాటో రోల్ ఆ ఉల్లి ఆవిరిలోనే మెత్తబడుతుంది. నాలుగు తింటే కానీ తిన్నట్టు ఉండదు. ఖాళీగా దొరకాలంటే మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి. మాంసం తినని వాళ్ళకి అక్కడ ఏమీ లేదనే చెప్పాలి, ఆ ఇంత చోటులో విడి పెనం అడగడం కూడా న్యాయం కాదు.

స్టిల్‌వాటర్_సాయి, ఆదివారం ఉదయం 10:15

చాయ్ అన్నా, ఆ చివరి మాట బాగుంది. వెళ్ళకముందే తెలిస్తే వాళ్ళకీ ఇబ్బంది లేదు, మనకీ లేదు. శాకాహారి అక్కా, నిన్న ఎల్ రీనోకి ఫోన్ చేసి అడిగాను, ఫ్రైస్ నూనె వేరేనా అని. ఫోన్ తీసినావిడ "ఒక్క నిమిషం" అని వెళ్ళి వంటాయన్ని అడిగి వచ్చి చెప్పింది. అన్నీ ఒకటే నూనెలో అట. అబద్ధం చెప్పకుండా చెప్పినందుకు నాకు సంతోషం అనిపించింది.

శాకాహారి_డల్లాస్, ఆదివారం ఉదయం 10:31

నా కోసం ఫోన్ చేశావా నాన్నా. డల్లాస్ వస్తే మా ఇంటికి రా, పెకన్ పై నేనే చేసి పెడతాను, వెన్నతో.

సూటిగా_శంకర్, ఆదివారం మధ్యాహ్నం 2:47

చెప్పాలనిపించి రాస్తున్నాను. ఈ రోజు పదకొండున్నరకి అదే డైనర్‌కి మళ్ళీ వెళ్ళాను, లత గారు చెప్పినట్టు టర్కీ ఉదయం రోస్ట్ చేశారా అని అడిగాను. ముసలావిడ నన్ను వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది, అప్పుడే బయటికి తీస్తున్నారు. రై బ్రెడ్ మీద, మేయో, లెట్యూస్‌తో తిన్నాను. మాంసం మెత్తగా, తడిగా ఉంది, ఉప్పు సరిపోయింది. గ్రేవీ మాత్రం మళ్ళీ అట్టకట్టిందే, పక్క బల్ల వాళ్ళ ప్లేటులో చూశాను, నా మాట మీద నేనున్నాను. చెర్రీ పై బయటి బేకరీదని ఆవిడే చెప్పింది, తీసుకోలేదు.

నా మొదటి రివ్యూ తీసేయలేదు. దాని కింద ఈ రోజుది కూడా వేళతో సహా రాశాను.

నెల్లూరు_ఎడిసన్, ఆదివారం మధ్యాహ్నం 3:05

ఇదే కావాలి శంకర్ గారూ. ఊరు, రూటు రాయండి, జాబితాలో మీ రెండు పూటలూ పెడతాను. పైన టిప్ గురించి, పెద్ద గుంపుల గురించి, అడగాల్సిన ప్రశ్నల గురించి లత గారు రాసినవన్నీ చేర్చాను. ఎల్ రీనో, న్యూ హేవెన్, మినియాపొలిస్, హ్యాకెన్‌సాక్, సమిట్ ఎక్కించాను. పశ్చిమ తీరం నుంచి ఒక్కరూ రాయలేదు, కాలిఫోర్నియా వాళ్ళు ఏమయ్యారు?

రాజమండ్రి_మాస్టారు, ఆదివారం రాత్రి 7:55

నేనూ ఒకటి రాస్తాను. ఇవాళ మా అబ్బాయి మమ్మల్నిద్దర్నీ ఉదయం పదిన్నరకి తీసుకెళ్ళాడు. ఊరి పేరు ఐసెలిన్, హోటల్ పేరు అబ్బాయిని అడిగి రేపు రాస్తాను. మొదటిసారే వెళ్ళాం.

మా ఆవిడ మాంసం ముట్టదు. విడి ప్యాన్‌లో చేస్తారా అని అబ్బాయి అడిగితే చేస్తామన్నారు, చేసి, ఆ ప్యాన్‌తోనే తీసుకొచ్చి చూపించారు. గ్రిల్డ్ చీజ్. బ్రెడ్ రెండు వైపులా దోరగా, ఎక్కడా మాడకుండా కాలింది. టమాటా సూప్ అడగబోయి లతమ్మ మాట గుర్తొచ్చి అడిగాం, చికెన్ రసం అన్నారు, మానేశాం. నేను టర్కీ తిన్నాను, బాగుంది, మిరియాలు ఎక్కువ చల్లుకున్నాను. వడ్డించినామెకి అరవై ఏళ్ళుంటాయి. నన్ను "హనీ" అని పిలిచింది. ముందు ఉలిక్కిపడ్డాను, తర్వాత చూస్తే అక్కడ అందర్నీ అలాగే పిలుస్తోంది, చిన్నపిల్లల్ని, లారీ డ్రైవర్లని కూడా. మా ఊళ్ళో వడ్డించేవాళ్ళు "బాబూ" అన్నట్టే.

యాపిల్ పై అక్కడే చేస్తారట, పిండి వెన్నతో, పైన గుడ్డు పూయరు, పాలు పూస్తారు. ఈ మూడూ అడిగే తెలుసుకున్నాం. అంచు వేలితో నొక్కితే విరిగి పొరలు విడిపోయాయి. మా ఆవిడ సగం తిని, దాల్చినచెక్క కొంచెం తగ్గిస్తే ఇంకా బాగుండేదని, మిగతా సగం డబ్బాలో పెట్టించుకుంది. ముగ్గురికీ కలిపి 47 డాలర్లు, టిప్పు 10.